వరద తగ్గాక తాగే నీళ్ళు: కాచడమా, క్లోరిన్ బిళ్ళలా, క్యాన్ నీళ్ళా, ఏది మేలు?

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చినప్పుడు కూనవరం, వీఆర్ పురం వైపు ఊళ్ళకి ఊళ్ళే మునిగిపోయాయి కదా, మా పెద్దమ్మ వాళ్ళది అటే. నీళ్ళు తీశాక వెళ్తే ఇంట్లో మోకాలి దాకా ఒండ్రు, బోరింగు ఎంత కొట్టినా ఎర్రనీళ్ళే. వరదలో మునగకుండా బయటపడ్డ జనం ఆ తర్వాత వారం పది రోజులకి వాంతులు విరేచనాలతో పడిపోతారు, అసలు భయం అక్కడే.

కాచిన నీళ్ళని మించింది లేదు, ఆ మాట నిజమే. కుతకుతా తెర్లాక ఇంకో నిమిషం ఉంచితే విరేచనాల క్రిములూ, కామెర్లు తెచ్చేవీ అన్నీ చస్తాయి. కానీ దేంతో కాస్తారండి? కట్టెలు నానిపోయి పొగ తప్ప మంట లేదు, గ్యాస్ బండ ఉన్నా అది అన్నానికే చాలదు. ఇంట్లో ఆరుగురుంటే రోజుకి రెండు బిందెలు కాచడం మాటలా! అదీగాక కాచిన నీళ్ళు చల్లారాక ఎవరో ఒకరు బురద చేత్తో గ్లాసు ముంచుతారు, మళ్ళీ మొదటికే.

క్యాన్ నీళ్ళు తేటగా ఉంటాయి కాబట్టి అందరికీ నమ్మకం. నాకు మాత్రం అంత నమ్మకం లేదు, ఎందుకంటే ఆర్‌వో నీళ్ళలో క్లోరిన్ మిగలదు, క్యాన్ ఏ నీళ్ళతో కడిగారో తెలీదు, పడవలో వచ్చేసరికి మూత ఉంటుందో ఉండదో. సీలు ఉన్నది దొరికితే తాగండి, దానికోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

నన్నడిగితే మొదటి వారం బిళ్ళలే మేలు. ఆశా వర్కర్ ఇచ్చే స్ట్రిప్ మీద ఎన్ని లీటర్లకి ఒకటో రాసి ఉంటుంది, 20 లీటర్లవి వేరు, చిన్నవి వేరు, చూసి వేసి అరగంట ఆగాలి. బిళ్ళ మింగేది కాదని పెద్దవాళ్ళకి ఒకటికి రెండుసార్లు చెప్పండి. వేసిన క్లోరిన్ కొంత నీళ్ళలోనే ఉండిపోతుంది కాబట్టి తర్వాత ఎవరైనా చెయ్యి పెట్టినా కొంత కాపు ఉంటుంది, పై రెండింటికీ లేని గుణం ఇదే. ఆ వాసనకే మా పెద్దమ్మ బిందెడు నీళ్ళు పారబోసింది, మూత తీసి కాసేపు ఉంచితే వాసన తగ్గుతుందని చెప్పాక తాగింది.

ఒక్కటి మర్చిపోవద్దు, మట్టినీళ్ళలో బిళ్ళ వేస్తే క్లోరిన్ ఆ మట్టికే ఖర్చైపోతుంది. ముందు పటిక ముక్క నాలుగుసార్లు తిప్పి వదిలేయండి, మడ్డంతా అడుగుకి దిగాక పైతేట గుడ్డలో వడకట్టి అప్పుడు వేయండి. పసిపిల్లలకీ గర్భిణులకీ మాత్రం ఎలాగోలా కాచే ఇవ్వండి, వాళ్ళకి రెండు చెంబులు కాస్తే చాలు. కడుపుతో ఉన్నప్పుడు ఈ నీళ్ళ కామెర్లు ప్రాణం మీదికి తెస్తాయి. ఎరువులు, పురుగుమందు కలిసిన నీళ్ళని ఇవేవీ బాగుచేయలేవు, ఆ బోరింగు జోలికే పోవద్దు.

భద్రాచలంలో 48 అడుగులకి రెండో హెచ్చరిక ఇస్తారు, అప్పుడే బియ్యం మూటతో పాటు పటిక, బిళ్ళలు, కుళాయి ఉన్న డబ్బా కట్టిపెట్టుకోండి.