నీళ్లలో ఏళ్ల తరబడి ఉండాల్సిన తాళంకప్ప: వాడి చూశాక నా మాట

పడవ లంగరు గొలుసుకు ఒకటి, నీటి అడుగున కొలత పరికరం పెట్టిన కమ్మీల పెట్టెకు ఒకటి. ఈ రెండు చోట్లా ఏళ్లుగా తాళంకప్పలు వాడుతున్నాను. మొదటిది ఉప్పునీళ్లు, రెండోది మంచినీళ్లు. చాలా రకాలు మార్చాక ఇప్పుడు ఉప్పునీళ్లలో నిలిచినది ఇదీ: ఇత్తడి ఒళ్లు, 316 రకం స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసిన వంపు కడ్డీ, లోపల పిన్నులూ స్ప్రింగులూ కాకుండా బిళ్లలు తిరిగే డిస్క్ సిలిండరు. పైన చిలుము పట్టి చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కానీ, తాళంచెవి పెడితే తిరుగుతుంది. నాకు కావలసింది అంతే.

కొనేటప్పుడు చేయి ముందు కడ్డీ మందం మీదికే పోతుంది. నీళ్లలో ఆ మందం అక్కరకొచ్చేది తక్కువ. తాళం లోపలి నుంచే పోతుంది. మామూలు తాళంలో ప్రతి పిన్ను వెనకా వెంట్రుకంత సన్నని స్ప్రింగు ఉంటుంది. అది మామూలు ఉక్కుదైతే ముందు పోయేది అదే. అది తుప్పు పట్టి విరిగాక ఒళ్లు ఎంత బలంగా ఉన్నా తాళం తెరుచుకోదు. డిస్క్ సిలిండరులో బిళ్లల వెనక స్ప్రింగులే ఉండవు, తాళంచెవే వాటిని తిప్పుతుంది. 1907లో ఫిన్లాండులో ఎమిల్ హెన్రిక్సన్ కనిపెట్టిన ఈ పద్ధతే తర్వాత అబ్లాయ్ అనే తాళాల పేరుతో ప్రసిద్ధికెక్కింది. బురద, ఇసుక దూరినా ఇది పిన్నుల తాళం కంటే బాగా తట్టుకుంటుంది. అయితే కడ్డీని పైకి తన్నే స్ప్రింగు ఒకటి చాలా తాళాల్లో విడిగా ఉంటుంది. అది కూడా స్టెయిన్‌లెస్‌దో, ఫాస్ఫర్ కంచుదో అయి ఉండాలి. దుకాణంవాళ్లు చెప్పలేకపోతే ఆ తాళం వద్దనుకోవడమే మేలు.

పలకలు పేర్చి రివెట్లు కొట్టిన ఉక్కు తాళం గురించి ఎక్కువ రాయను. పలకల సందుల్లో తుప్పు పుడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి భాగాలను నొక్కి బిగించేస్తుంది. సముద్రంలో దానికి పని లేదు. క్రోమియం పూత పూసిన గట్టి ఉక్కు కడ్డీ కూడా అంతే. గొలుసుకు రాసుకుని పూత ఒకచోట లేచిందంటే, ఇత్తడి ఒళ్లు పక్కనే ఉంది కాబట్టి ఆ ఉక్కు ఇంకా వేగంగా కరుగుతుంది.

రెండు లోహాలు ఉప్పునీళ్లలో తగులుకుంటే ఒకటి వేగంగా కరిగిపోతుంది, రెండోది నిలుస్తుంది. ఇది పడవలవాళ్లకు ఎప్పుడో తెలుసు. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే ఓడ అడుగుకు రాగి రేకు తొడిగింది. రెండేళ్లకు చూస్తే రేకును పట్టి ఉంచిన ఇనుప మేకులు చాలాచోట్ల తినేసి ఉన్నాయి. మేకుకూ రాగికీ మధ్య కాగితం మిగిలినచోట మాత్రం మేకులు బాగున్నాయి. నేను కడ్డీకి ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడిగి గొలుసుకు వేసేది అందుకే. జింకు పూత గొలుసుకు తాళం నేరుగా తగిలితే తాళానికి మంచిదే, తగిలిన లంకెకు మాత్రం పూత ముందే పోతుంది.

మరి తాళానికే ఒక జింకు ముక్క కడితే? కట్టి చూశాను. ఇత్తడి మెరుస్తూ మిగిలింది, కానీ దాని నిండా సముద్రపు గుల్లలు పట్టాయి. రాగి కొద్దికొద్దిగా కరుగుతుండటం వల్లే నాచు, గుల్లలు దాన్ని అంటుకోవు. ఆ కరగడం ఆపితే ఆ రక్షణా పోతుంది. 1824లో బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఓడల రాగి రేకును ఇలాగే కాపాడబోయి ఇదే చిక్కులో పడ్డాడు. నాకు తాళంచెవి రంధ్రంలో గుల్ల కంటే పైన చిలుమే నయం, అందుకే జింకు తీసేశాను.

ఇత్తడిలోనూ తేడాలున్నాయి. జింకు ఎక్కువున్న చౌక ఇత్తడి సముద్రంలో గులాబీ రంగుకు తిరుగుతుంది. అంటే జింకు కరిగిపోయి బొరియల రాగి మిగిలిందన్నమాట. పైకి ఆకారం అలాగే ఉంటుంది, గీస్తే రాలుతుంది. దాదాపు ఒక శాతం తగరం కలిపిన నేవల్ ఇత్తడి దీన్ని చాలావరకు ఆపుతుంది. కంచు దొరికితే ఇంకా మంచిది.

స్టెయిన్‌లెస్ అన్న మాట చూసి నిశ్చింతగా ఉండకండి. 304 రకాన్ని ఉప్పునీరు గుంటలు గుంటలుగా తింటుంది. 316లో రెండు మూడు శాతం మాలిబ్డినం అనే లోహం ఉంది కాబట్టి మెరుగు. కానీ దాన్ని కాపాడే సన్నని పొర నిలవాలంటే ప్రాణవాయువు అందాలి. కడ్డీ ఒంట్లోకి దూరే ఇరుకులో నీరు కదలకపోతే అది అందదు. నా తాళంలో మరకలు మొదలైంది సరిగ్గా అక్కడే, బయటి వంపు ఇంకా తళతళలాడుతోంది. పూర్తి టైటానియం అయితే ఈ గొడవ ఉండదు గానీ అలాంటి తాళాలు అరుదు. అబస్ అనే తాళాల కంపెనీ వాళ్ల టైటాలియం పేరు చూసి మోసపోవద్దు, అది అల్యూమినియం మిశ్రమం. అదే కంపెనీ ఇత్తడి తాళాల్లో ఐబీ అని రాసి ఉన్నవాటికి కడ్డీ స్టెయిన్‌లెస్‌ది. లోపల పిన్నులే అయినా మంచినీళ్ల పెట్టెకు అలాంటిది సరిపోతోంది.

రబ్బరు తొడుగు, రంధ్రం మీద మూత ఉన్నవి వానకు పనికొస్తాయి. నీళ్లలో ఆ తొడుగు కిందికి నీరు చేరి అక్కడే మురుగుతుంది. నేను తొడుగు తీసేస్తాను. లోపలికి వచ్చిన నీరు బయటికి పోయే కన్నం అడుగున ఉన్న తాళమే ఎంచుకుంటాను. డబ్బా మీద రాసే ఉప్పు పరీక్ష గంటలు కూడా తుంపర పరీక్షవి. యూరప్ ప్రమాణం ఈఎన్ 1670లో నాలుగో తరగతికి 240 గంటల ఉప్పు తుంపర. అదంతా కలిపి పది రోజులే, పైగా మునకలో కాదు. తాళాలను పోల్చుకోవడానికి పనికొస్తుంది, ఆయుష్షు లెక్కకట్టడానికి కాదు.

మంచినీళ్లలో తుప్పు కంటే బురద పెద్ద బెడద. తాళం అడుగు మట్టిలో పడి ఉంటే గాలి చొరని ఆ నల్ల బురద ఇత్తడిని కూడా నల్లగా చేస్తుంది. రంధ్రం కిందికి చూసేలా వేలాడదీస్తే ఇసుక దానంతటదే రాలిపోతుంది. అంకెల తాళం అక్కడే ఓడిపోయింది. చక్రాల మధ్య సన్నని ఇసుక దూరి అంకె కదలలేదు.

పైకి తీసినప్పుడల్లా మంచినీళ్లలో నానబెట్టి, తాళంచెవి పలుమార్లు తిప్పి, ఆరాక లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వు) గ్రీజు పట్టిస్తాను. డబ్ల్యూడీ-40 స్ప్రే నీటిని తరిమి తుప్పు వదిలించడానికి బాగానే ఉంటుంది, మునిగాక నిలవదు. పెన్సిలు గ్రాఫైటు మాత్రం వేయకండి. అది విద్యుత్తును పారనిస్తుంది, ఉప్పునీళ్లలో చుట్టూ ఉన్న లోహాన్ని తినిపిస్తుంది. గుల్లలు పట్టి బిగిస్తే తాళంచెవిని మెలిపెట్టొద్దు, విరిగి లోపలే ఉండిపోతుంది. కాసేపు వెనిగర్‌లో ఉంచితే సున్నపు గుల్ల కరుగుతుంది. ఎక్కువసేపు ఉంచితే ఇత్తడికీ మంచిది కాదు.

దొంగల భయం లేక, ఊడిపోకుండా ఉంటే చాలనుకునే చోట ఇప్పుడు తాళమే వాడటం లేదు. 316 షాకిల్ (మర బిగించే వంపు కొక్కెం) వేసి, దాని మరకు తిరగకుండా అదే లోహపు తీగ చుడుతున్నాను. విప్పాలంటే కటింగ్ ప్లేయరు చాలు.