ఆరోగ్య బీమా: తప్పనిసరి చేస్తే మేలా, ఇష్టానికి వదిలేస్తే మేలా?

మా తమ్ముడి జీతం 20,500 నుంచి 22,000 అయింది. సంతోషించాం. తర్వాత తెలిసింది, మార్చి దాటితే ఈఎస్‌ఐ (ఉద్యోగులకుండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉండదని. నెల జీతం 21,000 దాటినవాళ్లకు అది వర్తించదు. 2017 జనవరి నుంచి అదే పరిమితి.

ఈఎస్‌ఐ తప్పనిసరి పద్ధతి. అడక్కుండానే జీతంలోంచి 0.75 శాతం కట్ అవుతుంది, యజమాని 3.25 శాతం వేస్తాడు. 20,500 జీతానికి తమ్ముడు కట్టింది నెలకు 154 రూపాయలు. ఆ కార్డు మీదే అమ్మకు షుగర్, బీపీ మందులు వచ్చేవి. వయసెంత, జబ్బులేమున్నాయి అని ఎవరూ అడగలేదు. వాడే మంచాన పడితే, 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇచ్చే వీలుంది. డిస్పెన్సరీలో క్యూ ఉంటుంది, మందులు ఒక్కోసారి అయిపోతాయి. అదీ నిజమే, అమ్మ చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

ఇక ప్రైవేటు పాలసీ. ఆసుపత్రి మనిష్టం, గది బాగుంటుంది, క్యాష్‌లెస్ అయితే టెన్షన్ తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు. అయినా 61 ఏళ్ల అమ్మకు అడిగిన ఏడాది ప్రీమియం తమ్ముడి నెల జీతం దాటింది. పైగా ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమన్నారు.

ఇష్టానికి వదిలేస్తే ఒంట్లో బాగున్నవాళ్లు కొనరు, జబ్బు భయం ఉన్నవాళ్లే కొంటారు. దాంతో ప్రీమియం పెరుగుతుంది, ఇంకొందరు మానేస్తారు. అందుకే నేను తప్పనిసరి వైపే. కానీ ఏ ప్రీమియం అయినా సరే, అందరూ ప్రైవేటు పాలసీ కొనాల్సిందే అంటే మాత్రం ఒప్పుకోను. ఆటో నడుపుకునేవాళ్లకు అది జరిమానాతో సమానం. ఈఎస్‌ఐలా సంపాదన బట్టి వాటా ఉండాలి.

మరి ఆరోగ్యశ్రీ? పేదలకు 2007 నుంచి పెద్ద అండే. గుండె ఆపరేషన్ లాంటివి చేయిస్తుంది. కానీ నెలనెలా మింగే బిళ్లలు అందులోకి రావు.

అటు రేషన్ కార్డూ ఇటు ఈఎస్‌ఐ కార్డూ లేక మధ్యలో మిగిలినవాళ్లు దేశంలో 40 కోట్ల దాకా ఉంటారని నీతి ఆయోగ్ 2021లో లెక్కగట్టింది. ఇప్పుడు మా తమ్ముడూ వాళ్లలో ఒకడు. 22,000 జీతానికి ఈఎస్‌ఐ లెక్కన వాడిదీ యజమానిదీ రెండు వాటాలూ కలిపితే నెలకు 880 రూపాయలు. ఆ మొత్తం తానే కడతానన్నా వాడిని చేర్చుకునే దారి లేదు.