ఆరేళ్ల తర్వాత నా పాత ఎంఎక్స్-5: లోపల చేసిన పనిలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు

పాత కారు లోపలి భాగం బాగు చేసుకున్న వారానికి తీసిన ఫొటోలు ఎవరివైనా బాగుంటాయి. పని ఎంత గట్టిదో తేలాలంటే కొన్ని వేసవులు, కొన్ని వానలు గడవాలి. అందుకే ఇన్నాళ్లూ ఆగి ఇప్పుడు రాస్తున్నాను.

నాది 1992 నాటి మాజ్డా ఎంఎక్స్-5, గుడ్డ టాప్‌ను వెనక్కి మడిచే రెండు సీట్ల జపాన్ స్పోర్ట్స్ కారు. మొదటి తరం, 1.6 లీటర్ల ఇంజిను, లేత గోధుమ రంగు తోలు సీట్లు. లోపలి భాగమంతా విప్పి, బాగు చేసి, తిరిగి బిగించి ఆరేళ్లు దాటింది. ఆ తర్వాత సుమారు 45 వేల కిలోమీటర్లు తిరిగాను. కప్పి దాచుకున్న కారు కాదిది. టాప్ దించి ఎండలో తిప్పాను, వానలో ఆరుబయట నిలిపాను.

మొదట నీళ్ల సంగతి చెప్పాలి. నేను ఈ పనికి దిగిందే ముక్కిన వాసన వల్ల. కార్పెట్ పైపైన పొడిగానే ఉండేది. ఒక మూల పైకెత్తి కింద ఉన్న ఫెల్టును, అంటే నొక్కి చేసిన దళసరి నార పొరను, బొటనవేలితో నొక్కితే ముదురు గోధుమ రంగు నీరు ఊరింది. అది ఎన్నాళ్ల నుంచి అలా నానుతోందో తెలియదు. నేల రేకు మీద అక్కడక్కడ తుప్పు పొక్కులు లేచాయి.

ఈ కారులో మడత టాప్ మీద పడ్డ నీరు వెనుక అంచున ఉన్న కాలువలోకి జారి, సీట్ల వెనుక రెండు పక్కలా ఉన్న రంధ్రాల గుండా గొట్టాల్లోకి దిగి, వెనుక చక్రాలకు కాస్త ముందు కిందికి పోతుంది. ఏళ్ల తరబడి దుమ్ము, ఎండుటాకులు చేరి ఆ దారి పూడుకుపోతే నీరు పొంగి లోపలికి వస్తుంది, తలుపు కింద ఉండే బోలు దూలంలోకి కూడా చేరుతుంది. అక్కడ పట్టిన తుప్పు బయటికి కనబడే సరికి పని చాలా పెద్దదవుతుంది. కాబట్టి సీట్లకు రంగు గురించి ఆలోచించే ముందు ఈ గొట్టాలు చూడండి. గట్టి తీగతో మాత్రం పొడవకండి. గొట్టం కొస ఊడిందంటే నీరంతా నేరుగా ఆ దూలంలోకే దిగుతుంది. వంగే కాడ ఉన్న పొడవాటి మెత్తని బ్రష్‌తో నెమ్మదిగా తిప్పుతూ శుభ్రం చేశాను. ఏడాదికి రెండుసార్లు ఒక్కో పక్క ఒక గ్లాసు నీళ్లు పోసి, కింద ఎంత త్వరగా పడుతున్నాయో చూస్తాను.

పాత ఫెల్టును పారేసి, దాని స్థానంలో నీరు పీల్చని క్లోజ్డ్-సెల్ ఫోమ్ (లోపలి సన్నని గాలి అరలన్నీ మూసి ఉండే రకం) వేశాను. ఈ ఆరేళ్లలో నేను చేసిన అన్ని పనుల్లోకీ ఎక్కువ ఫలితమిచ్చింది ఇదే. కార్పెట్ కొత్తది, అచ్చులో పోసి తయారు చేసినది. ఎడమ మడమ ఆనే చోట కొంచెం అరిగింది తప్ప బాగుంది.

శబ్దం తగ్గించే పట్టీల విషయంలో పొరపాటు చేశాను. మొదట తారుతో చేసిన రకం వేశాను. ఎండలో నిలిపిన ప్రతిసారీ తారు వాసన, సీట్ల వెనుక నిలువుగా అంటించినవి జారడం. రెండో ఏడు వాటిని గీకి తీయడానికి రెండు రోజులు పట్టింది. తర్వాత వేసిన బ్యూటైల్ రబ్బరు పట్టీలు ఇంతవరకు కదలలేదు. రేకంతా కప్పాల్సిన అవసరం లేదు, నాలుగో వంతు మేర అంటించినా రేకు అదురు తగ్గుతుంది. టన్ను కూడా తూగని కారు ఇది. దాని మీద అనవసరపు బరువు మోపడం నాకు ఇష్టం లేదు.

ఇక సీట్లు. బాగా కిందికి ఉన్న కారు కాబట్టి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తలుపు వైపున్న సీటు అంచు మీదుగా జారాల్సిందే. డ్రైవరు సీటు అంచు అక్కడ పూర్తిగా చితికిపోయింది. కవరు విప్పగానే లోపలి ఫోమ్ పసుపు పొడిలా రాలింది. పక్క సీటు తోలు మాత్రం గట్టిగానే ఉంది, రంగు పోయి సన్నని పగుళ్లు పడ్డాయి అంతే. అందుకని డ్రైవరు సీటుకు కొత్త తోలు కుట్టించి, పక్క సీటుకు ఉన్న తోలుకే రంగు వేశాను. ఒకే కారులో రెండు పద్ధతులనూ ఇన్నేళ్లు పక్కపక్కన చూసే వీలు దొరికింది.

రంగు వేయడం గురించి ఒక మాట. కార్లలో వాడే తోలులో ఎక్కువ భాగానికి పైన రంగు పూత ఉంటుంది. మనకు అరిగినట్లు కనబడేది ముందు ఆ పూతే. తోలు మెత్తబడాలని నూనెలు, క్రీములు ఎంత రాసినా అవి పూతను దాటి పెద్దగా లోపలికి పోవు. నేను నీటి ఆధారిత క్లీనరుతో, మెత్తని బ్రష్‌తో నాలుగుసార్లు కడిగాను. తెల్లగుడ్డకు మురికి అంటడం ఆగాక ఆల్కహాలుతో తుడిచి, 600 నంబరు గరుకు కాగితంతో పైపైన రుద్ది, పగుళ్లలో వంగే గుణమున్న ఫిల్లరు నింపి, స్పంజితో పలుచని పూతలు ఆరు వేశాను. చివర మెరుపు లేని రక్షణ పూత.

ఇదంతా రెండోసారి చేసిన పద్ధతి. మొదటిసారి ఆల్కహాలుతో తుడవలేదు. అంతకు ముందెప్పుడో పూసిన సిలికాన్ పాలిష్ తోలు మీద మిగిలిపోవడంతో ఏడాది తిరక్కుండానే రంగు పొరలుగా లేచింది. మొత్తం తీసి మళ్లీ మొదలుపెట్టాను. రంగు కలిపేటప్పుడు నీడలో సరిపోయినది ఎండలో ఎర్రగా కనిపించింది. ఎండ తగలని చోట, అంటే సీటు అడుగున మడిచిన తోలు అంచు దగ్గర పెట్టి పోల్చుకోవాలి, అదీ పగటి వెలుతురులోనే. ఈ కారులో సీటు పక్కలు తోలు కాదు, రెక్సిన్. అవి వేరే తీరులో వెలుస్తాయి కాబట్టి సీటంతా ఒకేసారి వేయకపోతే ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

కొత్త కవరుది ఇంకో కథ. ముందు తయారుగా దొరికే కవరు తెప్పించాను. అంచు దగ్గర కుట్టు సెంటీమీటరు పక్కకు వచ్చింది. ఆవిరి పట్టించి ఎంత లాగినా ముడతలు పోలేదు. ఆ తర్వాత పాత కవరు కుట్లన్నీ విప్పి, ఆ ముక్కలనే కొలతగా పెట్టి, కుషన్ పని తెలిసిన ఒకాయన చేత కొత్త తోలు కత్తిరింపించాను. చితికిన అంచు వరకే ఫోమ్ కోసి, గట్టి ఫోమ్ ముక్క అతికి, పైన పలుచని దూది పొర వేసి, ఇనుప రింగులతో లోపలి తీగకు బిగించాం. దారం పాలిస్టర్‌దే కావాలని పట్టుబట్టాను, ఎండను నైలాన్ కంటే అది బాగా తట్టుకుంటుంది. ఆరేళ్ల తర్వాత అంచు మీద ఒక ముడత పడింది, కుట్టు ఒక్కటి కూడా తెగలేదు.

ఒక్క తప్పు జరిగింది. ఈ కారులో తల ఆనించే చోట చిన్న స్పీకర్లు ఉంటాయి. కొత్త తోలుకు అక్కడ రంధ్రాలు పెట్టించడం మరిచాను. పాట గోడ అవతల నుంచి వచ్చినట్టు వినిపించేది. మళ్లీ విప్పి ఆ భాగం మేర జాలీ గుడ్డ కుట్టించాల్సి వచ్చింది.

రెండు సీట్లలో ఏది మేలంటే, లోపలి ఫోమ్ బాగుండి తోలు చిరగకపోతే రంగు వేసుకోవడమే మేలంటాను. పాత తోలుకు ఒంటికి అలవాటైన మెత్తదనం ఉంటుంది. అది కొత్త తోలుకు ఇంకా రాలేదు. గుడ్డ సీట్లున్నవారు తోలు కోసం వాటిని తీసేయవద్దు. జపాన్ చాపలైన తాతామి అల్లికను తలపించే ఆ నమూనా ఈ కారుకే సొంతం.

డాష్‌బోర్డు మీద చేసిన పని నిలవలేదు. ఎండకు రెక్సిన్‌లోని మెత్తదనమిచ్చే పదార్థం క్రమంగా ఆవిరైపోయి, గట్టిపడి పగులుతుంది. అద్దం కింద గాలి వచ్చే సందు పక్కన ఉన్న పగులును విప్పి, ఫిల్లరు నింపి, గరుకుదనం తెప్పించి రంగు వేశాను. మూడేళ్లు ఎవరూ పోల్చుకోలేదు. నాలుగో వేసవిలో అదే చోట నాలుగు సెంటీమీటర్లు మళ్లీ విచ్చుకుంది. మొత్తం కొత్త రెక్సిన్ తొడిగించడమో, అలాగే వదిలేయడమో చేయాల్సింది. ఇప్పుడు నిలిపిన ప్రతిసారీ అద్దానికి ఎండ తెర పెడుతున్నాను.

తలుపు ప్యానెళ్ల వెనుక అట్ట తేమకు ఉబ్బి వంగింది. అట్ట బదులు పలుచని ప్లాస్టిక్ రేకు వాడాను, తలుపు లోపలి తేమను ఆపే పాలిథిన్ పొరను కొత్తగా అంటించాను. మామూలు స్ప్రే జిగురు మొదటి వేసవిలోనే వదిలేసింది. వేడిని తట్టుకునే రకం ఇప్పటికీ పట్టి ఉంది.

స్టీరింగ్‌కు తోలు నేనే కుట్టాను. ఒకే దారం, రెండు సూదులు, ఎదురెదురుగా. ప్రతి కుట్టుకూ ఒకే బిగువు రావాలి. ఒక్కటి వదులైతే చేతికి ఇట్టే తెలుస్తుంది. ఎనిమిది గంటలు పట్టింది, వేళ్లు పొక్కాయి, అయినా ఈ కారులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ స్టీరింగే. నా కారులో ఎయిర్‌బ్యాగ్ లేదు. ఉన్నవారు డిక్కీలో ఉండే బ్యాటరీ తీగలు ముందే తీసి, కొంతసేపు ఆగి, పసుపు కనెక్టర్ల జోలికి జాగ్రత్తగా వెళ్లాలి.

విడిభాగాల విషయంలో ఈ కారు యజమానులు అదృష్టవంతులు. మాజ్డా 2017లో జపాన్‌లో మొదటి తరం కార్లకు పునరుద్ధరణ సేవ ప్రకటించి, మడత టాప్, ఇటలీ కంపెనీ నార్డీ చెక్క స్టీరింగ్ వంటి కొన్ని భాగాలను మళ్లీ తయారు చేయించింది. ఆ వయసున్న చాలా కార్లకు ఆ భాగ్యం లేదు.

పోయిన నెల గొట్టాల్లో నీళ్లు పోసినప్పుడు ఎడమవైపు కాస్త ఆలస్యంగా దిగాయి. బ్రష్ తిప్పితే రెండు ఎండుటాకులు, వేలెడంత బురద వచ్చాయి. సీటు వెనక్కి జరిపి, కార్పెట్ మూల ఎత్తి, కిందికి చెయ్యి పెట్టి తడిమి చూశాను. పొడిగా ఉంది.