చలిమేర పటం పట్టుకుని లద్దాఖ్ వెళ్ళొచ్చాం

ముందే చెప్పేస్తాను, మేం లద్దాఖ్ వెళ్ళింది బైకుల కోసమో ఫొటోల కోసమో కాదు, ఎక్కడా లేని ఒక ఖండం కోసం. ఆదివారం సాయంత్రాలు కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద నేనూ, మా బావమరిదీ, ఇంకో ముగ్గురు ఫ్రెండ్సూ పాచికలతో ఆడే కథల ఆట ఒకటుంది. దానికోసం రెండేళ్ళుగా ఉత్తరాన ఒక చలి ఖండాన్ని కడుతున్నాం, పేరు చలిమేర. కింద కొంకరతీరం, మధ్యలో గడ్డిపర్ర, దాని పైన వణుకుపాడు, చిట్టచివర తెల్లమడి. మా సూత్రం చాలా సింపుల్, పటంలో పైకి పోయేకొద్దీ గీతకి పది డిగ్రీలు తగ్గించుకుంటూ పోవడమే. డిసెంబర్‌లో పొద్దున పదమూడు డిగ్రీలు పడితే బీరువాలోంచి మంకీ క్యాప్ బయటికి తీసేవాళ్ళం గీసిన పటం, ఇంతకన్నా ఎలా ఉంటుంది.

సెప్టెంబర్ రెండో వారంలో ఎనిమిది రోజులు వెళ్ళాం, నేనూ మా ఆవిడా బావమరిదీ. ఢిల్లీ మీదుగా లేహ్. అక్కడికి విమానాలు ఎక్కువగా పొద్దున్నే ఉంటాయి, మధ్యాహ్నానికి గాలులు లేస్తాయి కాబట్టి, అందుకని ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ కుర్చీల్లో ఒక రాత్రి పోయినట్టే లెక్కేసుకోండి. లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు, ఆక్సిజన్ మనకి అలవాటైన దాంట్లో దాదాపు మూడింట రెండొంతులే అందుతుంది. గెస్ట్‌హౌస్‌లో బ్యాగ్ తెరిస్తే గోంగూర పచ్చడి ప్యాకెట్ దిండులా ఉబ్బి కూర్చుంది. బయట గాలి ఒత్తిడి తగ్గింది కదా. మా ఆవిడ సూదితో పొడవబోతుంటే వద్దు వద్దని ఆపేలోపు పొడిచేసింది, ఆ తర్వాత ఎనిమిది రోజులూ నా జాకెట్ గోంగూర వాసనే. మొదటి రెండు రోజులూ ఏమీ చేయకుండా పడుకోండని అందరూ చెప్తారు, మేం విన్నాం. వినని బావమరిది మొదటి సాయంత్రమే శాంతి స్తూపం మెట్లెక్కి వచ్చి తెల్లార్లూ తలపోటుతో మూలిగాడు.

లేహ్ గెస్ట్‌హౌస్‌కి నేను పదికి ఎనిమిది ఇస్తాను. మట్టి ఇటుకల గోడలు, పైన చదును కప్పు, పెరట్లో ఆపిల్ చెట్టు. ఇంటావిడని అక్కడివాళ్ళలాగే ఆమా-లే అని పిలిచాం, ఆవిడ రోజుకి పదిసార్లు వేడినీళ్ళు ఫ్లాస్కులో పోసి పంపించేది. రెండు మార్కులు ఎందుకు తగ్గించానంటే, వైఫై ఉందన్నారు, అది వాళ్ళ హాల్లో ఒక సోఫా మూల మాత్రమే ఉంది. మా ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ మూగబోయాయి, నా పోస్ట్‌పెయిడ్ ఒక్కటే ముగ్గురికీ దిక్కు. అన్నం విషయంలో ఆశలు పెట్టుకోకండి. ఆ ఎత్తులో నీళ్ళు సుమారు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే మెతుకు పలుకుగానే మిగిలిపోతుంది. థుక్పా అనే నూడుల్స్ సూప్, ఖంబీర్ రొట్టె తినండి, బాగుంటాయి. ఉప్పేసిన వెన్న టీ మాత్రం నా వల్ల కాలేదు.

చలిమేరకి మొదటి దెబ్బ అక్కడే తగిలింది. చలి అంటే మంచు అనుకున్నాం కదా, లేహ్‌లో ఏడాదంతా కలిపి పడే వాన దాదాపు 100 మిల్లీమీటర్లు. మన హైదరాబాద్‌లో 800 దాకా పడుతుంది. మేఘాలన్నీ హిమాలయాలకి అవతల ఖాళీ అయిపోతాయి, ఇవతలికి ఎండు గాలి వస్తుంది. అందుకే కొండలన్నీ బూడిద రంగు, ఎక్కడ కాలవ ఉందో అక్కడే ఒక పచ్చటి చీర ఆరేసినట్టు ఊరు. పైన మంచు కరిగిన నీళ్ళని సన్నటి కాలవల్లో పొలాలకి తెస్తారు, ఆ కాలవని యురా అంటారు, ఎవరి మడికి ఎప్పుడు వదలాలో చూసే మనిషిని చుర్‌పోన్ అంటారు. మా తాతగారి ఊళ్ళో చెరువు తూము దగ్గర నీరటి చేసేది అచ్చంగా ఇదే పని! మా తెల్లమడిలో పట్టణాలు పెట్టాం, కోటలు పెట్టాం, నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో ఐదుగురిలో ఒక్కడికీ తట్టలేదు.

టాక్సీ గురించి. రేట్లు యూనియన్ ముందే ఖరారు చేసి పెడుతుంది, బేరం ఉండదు, అదొక ప్రశాంతత. మా డ్రైవర్ నుబ్రా లోయ అబ్బాయి, మన 'నక్కో' హిందీ విని నవ్వుతూనే ఉన్నాడు, కనుమల మీద మాత్రం ఒక్క మాటా లేకుండా నడిపాడు. పదికి పది. సరిహద్దు వైపు వెళ్ళడానికి పర్మిట్ పని అప్పగించిన ఏజెంట్ మాత్రం ఒకటే కాగితానికి రెండుసార్లు డబ్బు తీసుకున్నాడు, రసీదు అడగండి.

నుబ్రా వైపు దాటే కనుమ ఖర్దుంగ్ లా మీద బోర్డులు ఎన్నాళ్ళో 18,380 అడుగులని చెప్పుకున్నాయి, కొలిస్తే తేలింది 17,582. పావుగంట ఉన్నాం, అంతకన్నా ఉండకూడదు కూడా. అక్కడ టీ బాగోలేదు, అయినా తాగుతారు. కిందికి దిగితే హుందర్‌లో ఇసుక తిన్నెలు, రెండు మూపురాల ఒంటెలు. పూర్వం యార్కండ్ వైపు నడిచిన వర్తకపు బిడారుల ఒంటెల సంతతి అవి. సవారీకి క్యూ పెద్దది, ఒంటె మొహంలో విసుగు ఇంకా పెద్దది, మేం ఎక్కలేదు. టెంట్ ఫర్వాలేదు, భోజనం బఫే, రోజూ అదే పనీర్. మర్నాడు పనామిక్‌లో వేడినీటి ఊట చూశాం, కాళ్ళు పెట్టుకోవడానికి బాగుంది, స్నానాల గదుల దగ్గర శుభ్రత తక్కువ.

అసలు చెప్పాల్సింది తుర్తుక్ గురించి. 1971 యుద్ధం దాకా ఇది పాకిస్తాన్ చేతిలో ఉన్న, బల్టీ భాష మాట్లాడేవాళ్ళ ఊరు. పటంలో చూస్తే లేహ్‌కి ఉత్తరాన ఉంది, మా సూత్రం ప్రకారం ఇంకా గడ్డకట్టాలి. మేం మధ్యాహ్నం పన్నెండున్నరకి దిగి స్వెటర్లు విప్పేశాం. కారణం ఎత్తు తక్కువ కావడమే, లేహ్ కన్నా బాగా కింద ఉంది, ష్యోక్ నది ఒడ్డున. ఆప్రికాట్ చెట్లు, బక్‌వీట్ మళ్ళు, ఇళ్ళ మధ్య కాలవలు. మాకు గది ఇచ్చిన ఇంటి పెద్దాయన ఒక రాతి గూడు చూపించాడు, నంగ్‌చుంగ్ అంటారట, చల్లటి ఇల్లని అర్థం. వంగి లోపల చెయ్యి పెడితే ఫ్రిజ్ తలుపు తీసినట్టు గాలి, రాళ్ళ సందుల్లోంచి అదే పనిగా వస్తోంది. వెన్న, మాంసం అందులోనే దాచుకుంటారు, కరెంటు అక్కర్లేదు. బావమరిది తల లోపలికి దూర్చి "బావా, మన ఖండంలో చలికాచుకునే మంటలే పెట్టాం, చలిని దాచుకునే ఇల్లు పెట్టలేదురోయ్" అన్నాడు. వాడు ఈ ట్రిప్‌లో అన్న తెలివైన మాట ఇదొక్కటే.

ఆ ఇంటికి తొమ్మిదిన్నర. అర మార్కు టాయిలెట్‌కి తగ్గించాను, పైన గది, నేలలో కంత, పక్కన మట్టి కుప్ప, పార. నీళ్ళు పోయకూడదు. మొదటి పూట మా ఆవిడ మొహం చూడాల్సింది. కానీ నీళ్ళు తక్కువైన చోట అది సరైన పద్ధతి, వాసన కూడా రాలేదు, ఎరువై పొలానికి పోతుంది. వచ్చేటప్పుడు రెండు కిలోల ఎండు ఆప్రికాట్లు కొన్నాం. అందులో తెల్ల గింజవి కొన్ని, రక్త్‌సే కార్పో అంటారు, తియ్యగా ఉంటాయి.

పాంగాంగ్ చెరువు అందం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. 4,200 మీటర్లు దాటిన ఎత్తు, 134 కిలోమీటర్ల పొడవు, నీరు బయటకి పోయే దారి లేక ఉప్పు తేలింది, అయినా శీతాకాలంలో గడ్డకడుతుంది. బస మాత్రం దండగ. తుర్తుక్ గదికి రెండింతలు పైగా కట్టించుకున్నారు, ఫోన్‌లో రాత్రంతా హీటర్ అన్నారు. హీటర్ ఉంది, నిజమే. పది గంటలకి జనరేటర్ ఆపేశారు. ముగ్గురం రెండేసి స్వెటర్లతో, రజాయిల కింద, టెంట్ గుడ్డ టపటపా కొట్టుకుంటుంటే తెల్లారే దాకా నిమిషాలు లెక్కపెట్టాం. అడిగితే మేనేజర్ "ఇది పాంగాంగ్ సార్" అన్నాడు. వెళ్ళేవాళ్ళు ఒడ్డున ఉన్న ఊళ్ళలో ఇళ్ళు వెతుక్కోండి, మాన్, మెరాక్ వైపు. మట్టి గోడ ఇచ్చే వెచ్చదనం గుడ్డ ఇవ్వదు.

ఇంటికొచ్చి పటం పరిచాం. లద్దాఖ్‌ని ఉన్నదున్నట్టు దించితే అదీ తప్పే. అక్షాంశం చూస్తే హైదరాబాద్ 17 డిగ్రీల దగ్గరుంటే లేహ్ 34, లాస్ ఏంజెలిస్ కూడా ఆ గీత మీదే ఉంది. లేహ్ చలి ఎత్తు వల్ల, అందుకే ఎండలో ముక్కు కాలుతుంటే నీడలో వేళ్ళు కొంకర్లు పోతాయి. నిజమైన ఉత్తరంలో సూర్యుడు అంత పైకి రాడు. అక్కడ సముద్రం మాట చెల్లుతుంది. నార్వేలో ట్రోమ్సో 69 డిగ్రీల దగ్గర ఉన్నా వెచ్చటి ప్రవాహం వల్ల రేవు గడ్డకట్టదు. దానికి దక్షిణంగా 62 దగ్గర, సముద్రానికి దూరంగా ఉన్న యాకుత్స్క్‌లో జనవరి సగటు మైనస్ 40కి దగ్గర, నేల లోతుగా గడ్డకట్టి ఉంటుంది కాబట్టి భవనాలు స్తంభాల మీద లేపుతారు. కాబట్టి చలిమేరలో పడమటి తీరం పై చివరిదాకా పడవలు తిరుగుతాయి, ఘోరమైన చలి మధ్యలో గడ్డిపర్రకి మారింది, వణుకుపాడు కొండల వెనక ఎండు ఇసుక.

తెల్లమడి నడిమధ్యలో బావమరిది రాజధాని ఉంది, నది లేదు, చెట్టు లేదు. తీసెయ్యాలన్నాను. మా ఆవిడ ఆ ఎండు ఆప్రికాట్లతో ఖుబానీ కా మీఠా చేసి, గింజలు పచ్చడి బండతో పగలగొట్టి పప్పు పైన చల్లి తెచ్చింది, అది తింటూ అరగంట వాదించాడు. "పనామిక్‌లో చూశాం కదా బావా, నా కోట కింద కూడా వేడినీళ్ళ ఊట ఉంది." సరే, ఊట ఇచ్చాను. తిండిగింజలు మాత్రం కొంకరతీరం నుంచే తెచ్చుకోవాలి, మధ్యలో కనుమ ఏడాదికి ఎనిమిది నెలలు మూసే ఉంటుంది.