పాత మహాసభల ప్రసంగాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్ ఎంతవరకు పనికొస్తుంది?

కొన్నేళ్లుగా నేను పాత పుస్తకాలు, పత్రికలు దొరికే ఆన్‌లైన్ గ్రంథాలయం ఇంటర్నెట్ ఆర్కైవ్‌ను ఎక్కువగా వాడింది ఒకే పనికి. నిజాం కాలంలో మన తెలంగాణలో జరిగిన ఆంధ్ర మహాసభల (అక్కడి తెలుగువారి సంస్థ జరిపిన సభలు) అధ్యక్షోపన్యాసాలు వెతకడానికి. ఒక్క ఉమ్మడి నల్లగొండలోనే దేవరకొండ (1931, బూర్గుల రామకృష్ణారావు), చిలుకూరు (1941, రావి నారాయణరెడ్డి), భువనగిరి (1944, మళ్లీ ఆయనే) సభలున్నాయి. పాలమూరు వైపు షాద్‌నగర్‌లో 1936లో కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షులు.

‘దేవరకొండ సభ ప్రసంగం’ అని కొడితే ఏమీ రాదు. ప్రసంగానికి విడిగా ఫైలు ఉండటం అరుదు. ఏ పుస్తకం మధ్యలోనో, ఏ పత్రిక లోపలి పేజీలోనో ఉంటుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన తెలుగు పుస్తకాల పేర్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి కాబట్టి ఒకే పేరును నాలుగైదు స్పెల్లింగులతో కొట్టి చూడాలి. పాత తెలుగు అచ్చును యంత్రం సరిగా చదవలేదు. పుస్తకం లోపల వెతికే పెట్టెను నమ్ముకోవద్దు, విషయసూచిక తెరవండి.

నేనైతే మాడపాటి హనుమంతరావు ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’తో మొదలుపెట్టమంటాను. 1935 సిరిసిల్ల సభకు అధ్యక్షుడైన మనిషి రాసిన చరిత్ర అది. ఊరు, సంవత్సరం అందులో పట్టుకుని పత్రికలకు వెళ్లాలి. గోలకొండ పత్రికను 1926లో మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డే 1930లో జోగిపేట తొలి సభకు అధ్యక్షులు. ఇక సభల వార్తలకు అక్కడ కొదవేముంటుంది! అప్పట్లో అది వారానికి రెండుసార్లు వచ్చేది. సభ జరిగిన తేదీ సంచికతో ఆగకుండా తర్వాతి సంచికలూ తిప్పండి.

చాలామందిని తిప్పలు పెట్టేది ఫసలీ, అంటే నిజాం రాజ్యంలో వాడిన సంవత్సరాల లెక్క. నిజాం రాజ్యపు కాగితాల్లో 1340 అని కనిపిస్తే కంగారు పడొద్దు. 590 కలపండి, నెలను బట్టి ఒక్కోసారి 591. అంటే 1930–31.

భువనగిరి సంగతి వేరు. మహాసభ చీలింది అక్కడే. ఆ సభ గురించి అతివాదులు (కమ్యూనిస్టుల వైపు మొగ్గినవాళ్లు) రాసింది, వాళ్లతో విభేదించిన మితవాదులు రాసింది పక్కపక్కన పెట్టుకుని చదివితే తప్ప ఏం జరిగిందో తేలదు. నిజం చెప్పాలంటే ప్రసంగం కంటే ఈ గొడవే నాకు ఎక్కువ ఆసక్తిగా అనిపించింది.

పుస్తకాలకైతే ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తాను, పూర్తి ప్రసంగ పాఠాలకు రెండే. డబ్బు కట్టే పని లేదు, పీడీఎఫ్ దించుకోవచ్చు. ఫోన్‌లో మాత్రం చదవలేం, కంప్యూటర్ ఉండాల్సిందే.