గరాటు బకెట్ మాప్: ఏ ఇంటికి పనికొస్తుంది, కొనేటప్పుడు ఏం చూడాలి

ఇంటికి తడిబట్ట పెట్టడానికి ఏ మాప్ కొనాలో తేల్చుకోలేనివాళ్లకు ముందే చెప్పేస్తున్నాం. టైల్స్, గ్రానైట్, తాండూరు బండలు ఉన్న ఇంటికి పోగుల మాప్, దాన్ని పిండే గరాటు బకెట్ తీసుకోండి. తొక్కితే గిర్రున తిరిగే స్పిన్ మాప్ పక్కన ఇది సాదాగా కనబడుతుంది. కానీ ఇందులో అరిగిపోయే పళ్ల చక్రాలు లేవు, విరిగే పెడల్ లేదు.

ఈ గరాటు ఆలోచన స్పెయిన్ నుంచి వచ్చింది. అక్కడి వైమానిక దళంలో పనిచేసిన ఇంజనీరు మాన్యుయెల్ హలోన్ కొరోమినాస్ అమెరికాలోని స్థావరంలో విమానాల షెడ్ల నేలను నిలబడే తుడవడం, మాప్‌ను రోలర్ల మధ్య పిండడం గమనించారు. స్పెయిన్ ఇళ్లలో అప్పటికి ఆడవాళ్లు మోకాళ్ల మీద వంగి గుడ్డతో నేల రుద్దేవాళ్లు. 1956లో ఆయన సరగోసా నగరంలో ఈ మాప్‌ల తయారీ మొదలుపెట్టారు. మొదట్లో బకెట్‌కు రోలర్లే ఉండేవి. 1960లలో వాటి స్థానంలో చిల్లుల ప్లాస్టిక్ గరాటు వచ్చింది. స్పానిష్‌లో దీని పేరు ఫ్రెగోనా. తర్వాత డిస్పోజబుల్ సిరంజీల మీద కూడా పనిచేసిన మనిషి ఆయన. ఆయన వల్ల ఎన్ని మోకాళ్లు బతికాయో!

గరాటు పనితనం చూడండి. తడి మాప్‌ను అందులో దించి, కర్రను నిలువుగా పట్టుకుని కిందికి నొక్కుతూ ఒకే వైపు సగం చుట్టు తిప్పాలి. గోడలు కిందికి పోయేకొద్దీ ఇరుకవుతాయి కాబట్టి పోగులు ఒకదానికొకటి ఒత్తుకుంటాయి. మెలి పడగానే నీళ్లు చిల్లుల్లోంచి జారిపోతాయి. నొక్కకుండా ఉత్తినే తిప్పితే పోగులు చుట్టుకుంటాయే గానీ నీళ్లు దిగవు. చాలామంది మాప్ బాగోలేదనుకునేది ఇక్కడే. ఇంకో పొరపాటు, బకెట్ నిండా నీళ్లు పోయడం. నీటిమట్టం గరాటు అడుగుకు కనీసం మూడు నాలుగు వేళ్లు కిందుండాలి, లేకపోతే పిండిన మాప్ మళ్లీ తడుస్తుంది. 12 లీటర్ల బకెట్‌కు 5 లీటర్లు చాలు.

కొనేటప్పుడు గరాటును చేత్తో గట్టిగా మెలితిప్పి చూడండి. బకెట్ అంచున కొక్కేలు వదులుగా ఉంటే నాలుగు రోజుల్లో ఊడి వస్తుంది. కర్ర మీ గడ్డం దాకా రావాలి. పొట్టిదైతే నడుం వంగాల్సిందే, అప్పుడిక ఈ మాప్ కొని ప్రయోజనం లేదు. మాప్ తల బిగించే మర కంపెనీకో రకంగా ఉంటుంది. అందుకే విడి తలలు కూడా దొరికే రకమే తీసుకోండి, ఒక తల అప్పుడే కొని పెట్టుకోండి.

నూలు పోగులు నీళ్లు బాగా పీలుస్తాయి, కానీ కొత్తలో నూగు రాలుతుంది. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, రెండు మూడుసార్లు పిండి వాడండి. మైక్రోఫైబర్ పోగులు తొందరగా ఆరతాయి. వాటికి బ్లీచింగ్, బట్టలకు వాడే సాఫ్టెనర్ రెండూ పడవు.

తుడిచే ముందు ఊడవడం తప్పనిసరి. వెంట్రుకలు పోగుల్లో చిక్కితే గది గదికీ ఈడుస్తారు. వెనక్కి నడుస్తూ, 8 అంకె వేసినట్టు తిప్పుతూ తలుపు దాకా రండి. రెండు గదులకోసారి నీళ్లు మార్చండి. ఫ్యాన్ కింద అయిదు నిమిషాలకు కూడా ఆరకపోతే సరిగా పిండలేదని అర్థం. తెల్లటి చారలు మిగిలితే ఫ్లోర్ క్లీనర్ ఎక్కువైంది, సీసా మీదున్న కొలత దాటకండి. గడప దగ్గర ముగ్గు, పసుపు ఉన్నచోటు ఆఖరున తుడవండి, లేదంటే ఆ పొడి హాలంతా పాకుతుంది. తాండూరు బండ సున్నపురాయి కనుక వెనిగర్, నిమ్మరసం, బాత్రూం యాసిడ్ తగిలితే మెరుపు పోతుంది, మచ్చ మళ్లీ వదలదు.

లోపాలూ ఉన్నాయి. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు ఈ మెలితిప్పడం కష్టం, వాళ్లకు స్పిన్ మాపే నయం. చెక్క ఫ్లోరింగ్‌కు కూడా అదే, తిరిగే బుట్ట ఇంకా పొడిగా పిండుతుంది. మంచం కింద ఎత్తు తక్కువైతే పోగుల గుత్తి లోపలిదాకా పోదు, అక్కడికి పలక మాప్ కావాలి. మూలల్లో మాత్రం ఈ పోగులు దూరినట్టు ఇంకేదీ దూరదు.

ముక్కిన వాసన వస్తోందంటే మాప్‌ను బకెట్‌లోనే వదిలేస్తున్నారన్నమాట. పని కాగానే మంచినీళ్లలో జాడించి, పిండి, తల పైకి ఉండేలా బాల్కనీలో నిలబెట్టండి. పోగులు గట్టిపడి జడలు కట్టినప్పుడు తల మార్చండి. రోజూ తుడిచే ఇంట్లో ఆ వంతు రెండు మూడు నెలలకోసారి వస్తుంది.