ప్యూర్ డ్రైవ్, బ్లేడ్ 98, స్పీడ్ ఎంపీ: టోర్నమెంట్‌కి ఏది మేలు?

అండర్-16 దాకా వచ్చిన పిల్లల తల్లిదండ్రులైనా, క్లబ్ మ్యాచ్‌లు ఇక చాలనుకుని ర్యాంకింగ్ టోర్నీల్లోకి దిగిన పెద్దవాళ్లైనా షాపులో ఎక్కువగా ఈ మూడు టెన్నిస్ రాకెట్ల దగ్గరే ఆగిపోతారు. బాబోలాట్ ప్యూర్ డ్రైవ్, విల్సన్ బ్లేడ్ 98, హెడ్ స్పీడ్ ఎంపీ. ఏదీ చవక కాదు. నా ఓటు ఎక్కువమందికి స్పీడ్ ఎంపీకే, కానీ ఎవరికి కాదో కూడా చెప్పాలి.

ముందు అంకెలు. స్ట్రింగ్స్ లేకుండా ప్యూర్ డ్రైవ్, స్పీడ్ ఎంపీ రెండూ 300 గ్రాములు, హెడ్ సైజు, అంటే స్ట్రింగ్స్ ఉండే భాగం, 100 చదరపు అంగుళాలు. బ్లేడ్ 305 గ్రాములు, హెడ్ 98. మూడూ 27 అంగుళాల పొడవే. చూస్తే అన్నీ ఒకటే అనిపిస్తుంది కదా. అసలు తేడా ఫ్రేమ్ మందంలోనూ, బంతి తగిలినప్పుడు ఆ ఫ్రేమ్ ఎంత వంగుతుందనే దాంట్లోనూ ఉంది.

ప్యూర్ డ్రైవ్ ఫ్రేమ్ మధ్యలో 26 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, పెద్దగా వంగదు, అందుకే మనం పెట్టిన బలమంతా బంతికే పోతుంది. బాబోలాట్ 1875 నుంచి గట్, అంటే స్ట్రింగ్స్, తయారుచేస్తున్న కంపెనీ, రాకెట్లలోకి వచ్చింది 1994లో. నాలుగేళ్లకే, 1998లో, కార్లోస్ మోయా ఈ రాకెట్‌తో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు, అప్పటి నుంచి దీనికి గిరాకీ తగ్గలేదు. సర్వ్‌లో ఇది ఇచ్చే ఫ్రీ పవర్ నిజంగానే బాగుంటుంది, స్వింగ్ చిన్నగా ఉన్నవాళ్లకి, లేటుగా బంతి దగ్గరికి చేరేవాళ్లకి బ్యాక్‌కోర్ట్ నుంచి లోతైన బంతి సులువుగా వస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, సెట్ 4-4 గేమ్‌ల దగ్గర చెయ్యి బిగుసుకుపోయి బంతిని తిప్పకుండా నెట్టేస్తాం చూడండి, సరిగ్గా అప్పుడే ఇది బంతిని బేస్‌లైన్ అవతల పడేస్తుంది. టాప్ స్పిన్, అంటే బంతిని ముందుకు తిప్పుతూ కొట్టడం, అలవాటు లేనివాళ్లకి ఈ రాకెట్ ప్రాక్టీసులో దేవుడు, మ్యాచ్‌లో దెయ్యం. మోచేతి నొప్పి ఇదివరకే ఉన్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

బ్లేడ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. 21 మిల్లీమీటర్ల సన్నటి ఫ్రేమ్, బాగా వంగుతుంది, బంతి స్ట్రింగ్స్ మీద ఇంకాసేపు ఉన్నట్టు అనిపిస్తుంది, ఎక్కడికి కొట్టాలనుకుంటే అక్కడికే పోతుంది. నెట్ దగ్గర వాలీలకీ, స్లైస్‌కీ ఈ మూడింట్లో దీన్ని మించింది లేదు. మహిళల టెన్నిస్ స్టార్ సబలెంకా చేతిలో ఉండేది బ్లేడే, ఆమె కొట్టే దెబ్బ చూసి పవర్ రాకెట్టేమో అనుకోకండి, ఆ పవర్ ఆమెది. మన విషయానికొస్తే మొదటి సెట్‌లో బ్లేడ్‌తో అద్భుతంగా ఆడతాం, మూడో సెట్‌కి కాళ్లు బరువెక్కి, బంతి వెనక్కి చేరడం ఆలస్యమయ్యేసరికి అదే షాట్ సర్వీస్ లైన్ దగ్గర పడుతుంది, అవతలివాడు ముందుకొచ్చి కొట్టేస్తాడు. 5 గ్రాముల తేడా ఏం చేస్తుందిలే అనుకుంటాం గానీ చూడాల్సింది త్రాసు మీద బరువు కాదు, ఊపినప్పటి బరువు. బ్లేడ్‌లో అది ఎక్కువ. తీసుకుంటే 16 నిలువు, 19 అడ్డం స్ట్రింగ్స్ ఉన్నదే తీసుకోండి, 18కి 20 ఉన్నది ఫ్లాట్‌గా, గట్టిగా కొట్టేవాళ్లకి మాత్రమే.

స్పీడ్ ఎంపీ ఈ రెండింటి మధ్య. మందం 23 మిల్లీమీటర్లు, ప్యూర్ డ్రైవ్ కంటే చేతికి మెత్తగా ఉంటుంది, బంతి సరిగ్గా మధ్యలో తగలకపోయినా బ్లేడ్ కంటే కాస్త ఎక్కువ క్షమిస్తుంది. ఏ ఒక్కదాంట్లోనూ నంబర్ వన్ కాదు, అందుకే షాపువాళ్లు ఆడి చూడమని ఇచ్చే డెమోలో పది నిమిషాలు ఆడితే ఎవరికీ పెద్దగా ఎక్కదు. జొకోవిచ్, సిన్నర్ స్పీడ్ వాళ్లే కదా అని కొంటే మాత్రం ఆశపడకండి, పెద్ద ప్లేయర్ల రాకెట్లు బరువు, బ్యాలెన్స్ వాళ్ల కొలతలకి చేయించుకున్నవి, షాపులో దొరికేదానికీ వాటికీ పోలిక చాలావరకు పెయింట్ దగ్గరే ఆగిపోతుంది. ఫెదరర్ పేరుతో వచ్చిన 340 గ్రాముల ప్రో స్టాఫ్ కొన్నవాళ్లదీ ఇదే కథ. ఆ ఫెదరరే 2014లో 90 హెడ్ వదిలేసి 97కి మారాడు, కాబట్టి చిన్న హెడ్ అంటే గొప్ప అనే మొండితనం మనకెందుకు.

యోనెక్స్ ఈజోన్, బాబోలాట్‌దే ప్యూర్ ఏరో అనే రాకెట్లు కూడా మంచివే. విపరీతంగా టాప్ స్పిన్ కొట్టే పిల్లలకి ఏరో చూడొచ్చు.

అసలు చాలామంది డబ్బులు ఖర్చుపెట్టాల్సింది గట్టింగ్ మీద, అంటే కొత్త స్ట్రింగ్స్ వేయించడం మీద. పాలియెస్టర్ స్ట్రింగ్ తెగకపోయినా చచ్చిపోతుంది, టెన్షన్, అంటే స్ట్రింగ్ బిగువు, పడిపోయి బంతి కంట్రోల్ లేకుండా ఎగురుతుంటే పాపం రాకెట్‌ని తిడతాం. వారానికి ఎన్ని రోజులు ఆడితే ఏడాదికి కనీసం అన్నిసార్లు గట్టింగ్ చేయించాలంటారు, టోర్నీలు ఆడేవాళ్లకి అది కూడా చాలదు. పద్నాలుగేళ్లలోపు పిల్లలకి పూర్తి పాలియెస్టర్ వద్దు, నిలువు పాలీ, అడ్డం మల్టీఫిలమెంట్ (సన్నటి పోగులతో చేసిన మెత్తటి స్ట్రింగ్) పెట్టిస్తే చెయ్యి బాగుంటుంది. టెన్షన్ 23 కిలోల దగ్గర మొదలుపెట్టి చూసుకోవచ్చు. మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మధ్యాహ్నం మ్యాచ్ ఉంటే అరకిలో, కిలో పెంచండి, ఎండకి బంతీ ఎక్కువ లేస్తుంది, స్ట్రింగ్సూ సాగుతాయి. రాకెట్ బ్యాగ్ కారు డిక్కీలో వదిలేయడం మానేయండి.

ఇంకొకటి, టోర్నమెంట్ అంటే ఒకే రకానివి రెండు రాకెట్లు. ఖరీదైనది ఒక్కటి కొనే బదులు పోయినేడాది మోడల్ రెండు కొనడం మేలు, పేరు మారినంతగా ఫ్రేమ్ మారదు. ఒకే మోడల్‌లోనూ రెండింటి మధ్య కొన్ని గ్రాముల తేడా వస్తుంటుంది, షాపులో త్రాసు ఉంటే తూకం వేయించి దగ్గరగా ఉన్నవి ఏరుకోండి. మొహమాటపడొద్దు, డబ్బులు మీవి. గ్రిప్ రెండు సైజుల మధ్య తేల్చుకోలేకపోతే చిన్నదే తీసుకోండి, ఓవర్ గ్రిప్ చుట్టి పెంచుకోవచ్చు, తగ్గించడం కష్టం.

సర్వ్, పెద్ద ఫోర్‌హ్యాండ్ మీదే బతికేవాళ్లు, టాప్ స్పిన్ బాగా తిప్పేవాళ్లు, మోచెయ్యి బాగున్నవాళ్లు ప్యూర్ డ్రైవ్ తీసుకోండి. చిన్నప్పటి నుంచి నిండుగా స్వింగ్ నేర్చుకుని, ఫిట్‌నెస్ ఉండి, డబుల్స్ కూడా ఆడేవాళ్లకి బ్లేడ్. మిగతా అందరికీ, ముఖ్యంగా ఇంకా ఎదుగుతున్న పిల్లలకి, స్పీడ్ ఎంపీ. డెమో ఇస్తే మాత్రం వార్మప్ ఫోర్‌హ్యాండ్‌లు కొట్టి తేల్చేయకండి, గంటన్నర ఆడి అలసిపోయాక సెకండ్ సర్వ్‌లూ రిటర్న్‌లూ ఆడి చూడండి.